బలమున్న బిడ్డ చేతికి లెక్క నేర్పడం ఎలా

మూడేళ్ళకే సగం నీళ్ళున్న బిందెను గుమ్మం దాకా ఈడ్చుకొచ్చే బిడ్డ, నాలుగేళ్ళకు గేటెక్కి అవతలికి దూకే బిడ్డ, పొద్దున ఆరింటికి లేస్తే రాత్రి తొమ్మిదింటికి కూడా అలుపెరగని బిడ్డ. ఇలాంటి పిలకాయలున్న ఇంటికి ఎవరొచ్చినా ఒకటే మాట: "వీణ్ణి కాసేపు కూర్చోబెట్టండమ్మా." కూర్చోబెడితే ఆ బలం ఎక్కడికీ పోదు. సాయంత్రానికి చెల్లి జుట్టు మీదకో, టీవీ స్టాండు మీదకో వస్తుంది. ఈ బిడ్డకు నేర్పాల్సింది ఏ వస్తువును ఎంత గట్టిగా పట్టాలి, ఎప్పుడు వదలాలి అనే లెక్క. ఆ లెక్క మాటలతో రాదు, ఒంటితో రావాలి. రోజూ కండరాలకు సరిపడా పని పెట్టాలి, చేతికి కొలత నేర్పాలి, ఇల్లు ఆ బలానికి తగ్గట్టు సర్దాలి. కింద రాసిందంతా రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు. చాలా చోట్ల 'వాడు' అని రాసినా ఆడబిడ్డకు కూడా అంతే వర్తిస్తుంది. బలమున్న ఆడపిల్లను "మగరాయుడు" అని వెక్కిరించి కూర్చోబెడితే ఆమెకు నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పరుగెత్తే అవకాశాలు ఆమెకు ముందే తక్కువ.

అన్నిటికంటే ముందు ఒక పొరపాటు దిద్దుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారం మగబిడ్డ బరువు సగటున మూడేళ్ళకు 14.3 కిలోలు, నాలుగేళ్ళకు 16.3, ఐదేళ్ళకు 18.3. ఎత్తు 96, 103, 110 సెంటీమీటర్లు. ఆడబిడ్డలు దీనికి కాస్త తక్కువ. మీ మూడున్నరేళ్ళ బిడ్డ 20 కిలోలుంటే బంధువులు, టీచర్లు, చివరికి మీరు కూడా తెలియకుండానే ఆరేళ్ళవాడి బుద్ధి ఆశిస్తారు. వాడి ఓపిక, మాట, ఏడుపు ఆపుకునే శక్తి అన్నీ మూడున్నరేళ్ళవే. "ఇంతవాడివై ఉండి" అనే మాట ఇంట్లో వాడకం మానేయండి. కొత్తవాళ్ళకు పేరుతో పాటు వయసు కూడా చెప్పండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి

బలంగా కనిపించే ప్రతి బిడ్డా బలంగా ఉండడు. ముఖ్యంగా మగబిడ్డల్లో పిక్కలు లావుగా, గట్టిగా ఉంటే అందరూ మురిసిపోతారు. కానీ డుషెన్ అనే కండరాల జబ్బులోనూ పిక్కలు అలాగే ఉబ్బుతాయి, లోపల మాత్రం కండరం క్షీణిస్తుంటుంది. ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఉంది. బిడ్డను నేల మీద బాసింపట్టు వేయించి, దేన్నీ పట్టుకోకుండా లేవమనండి. చేతులు నేలకు ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద, తొడల మీద వేసుకుంటూ తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు లేస్తుంటే ఆలస్యం చేయకండి. మునివేళ్ళ మీద నడవడం, తరచూ పడిపోవడం, మెట్లు ఎక్కలేకపోవడం, ఈడు పిల్లలతో పరుగులో వెనకబడటం కూడా గుర్తులే. మొదటి పరీక్ష రక్తంలో క్రియాటిన్ కైనేజ్ చూడటం, కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైము అది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో పిల్లల విభాగం ఉంది, అక్కడ మొదలుపెట్టవచ్చు.

పుట్టుకతోనే కండ ఎక్కువగా ఉండే స్థితి కూడా ఒకటుంది. కండ పెరుగుదలను అదుపు చేసే మయోస్టాటిన్ అనే ప్రోటీన్ తయారు కాకపోవడం వల్ల అలా జరుగుతుంది. 2004లో జర్మనీలో ఒక బిడ్డలో దీన్ని గుర్తించి వైద్య పత్రికలో రాశారు. అది చాలా చాలా అరుదు. మీ బిడ్డకు అదే ఉందని ఊహించుకోవాల్సిన పని లేదు.

ఇంకొన్ని గుర్తులున్నాయి. ఎనిమిదేళ్ళ లోపు ఆడబిడ్డలో, తొమ్మిదేళ్ళ లోపు మగబిడ్డలో పెద్దవాళ్ళలా చెమట వాసన, చంకల్లోనో కింది భాగంలోనో వెంట్రుకలు, గొంతు మారడం, ఉన్నట్టుండి పొడుగు సాగడం కనిపిస్తే హార్మోన్ల డాక్టరుకు చూపించాలి. రోజూ గురక పెట్టే బిడ్డకు నిద్ర చాలక పగలు గంతులు ఎక్కువవుతాయి, గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్లు చూపించండి. పిలిస్తే పలకకపోతే మొండితనం అనుకునే ముందు చెవి పరీక్ష చేయించండి. ఇక అతిచురుకుదనం జబ్బు సంగతి: నాలుగేళ్ళ లోపు సాధారణంగా దాన్ని నిర్ధారించరు. ఇంట్లోనూ బడిలోనూ, రెండు చోట్లా, ఆరు నెలలకు పైగా అదే తీరు ఉంటేనే డాక్టర్లు ఆలోచిస్తారు. ఆరేళ్ళ లోపు మొదట ఇచ్చేది కూడా మందు కాదు, తల్లిదండ్రులకు శిక్షణ.

రోజులో ఎంత కదలాలి, ఎప్పుడు

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క: మూడు, నాలుగేళ్ళ బిడ్డ రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలి, అందులో కనీసం 60 నిమిషాలు ఎగశ్వాస వచ్చేంత ఆట ఉండాలి. నిద్ర, పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. ఫోనూ టీవీ కలిపి గంట దాటకూడదు. మామూలు బిడ్డకే కనీసం ఇంత. మీ బిడ్డకు ఎగశ్వాస ఆట 90 నిమిషాలు, 2 గంటలు అవసరం కావచ్చు. దాన్ని ఒక్కసారిగా పెట్టకండి. మూడు దఫాలుగా, ఒక్కోటి 30 నుంచి 40 నిమిషాలు పెడితే మధ్యలో బిడ్డ నెమ్మదిస్తాడు. ఒకే దఫా రెండు గంటలు ఆడిస్తే అలుపు చిరాకుగా మారి, సాయంత్రం కొట్టడం, కొరకడం మొదలవుతుంది.

మన ఎండలకు వేళ ముఖ్యం. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదున్నర తర్వాత. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. ఆ పది పదిహేను రోజులూ పొద్దున ఆట ఏడున్నరకే ముగించండి. ఎండకు ఇనప జారుడుబల్ల చర్మం కాలుస్తుంది, ఎక్కించే ముందు మీ అరచేతి వెనకభాగం ఆనించి చూడండి. ఆటలో ప్రతి 20 నిమిషాలకు ఆపి నాలుగైదు గుక్కల నీళ్ళు తాగించండి. దాహం అని బిడ్డ చెప్పేదాకా ఆగొద్దు, ఆటలో ఉన్నవాడు చెప్పడు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు మంచివి. ముఖం కందగడ్డలా ఎర్రబడి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోండి. స్పృహ సరిగ్గా లేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు.

కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఎక్కువ ఆడే బిడ్డ ఎక్కువ నీళ్ళు తాగుతాడు కాబట్టి పళ్ళకూ ఎముకలకూ ముప్పు కూడా ఎక్కువే. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకూ శుద్ధి చేసిన నీళ్ళే వాడండి, ఆటకు వెళ్ళేటప్పుడు సీసా వెంట పెట్టండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు, తుపానులకు రోజుల తరబడి ఇంట్లోనే ఉండాల్సి వస్తుంది. అప్పటికి ఒక వరస సిద్ధంగా ఉంచుకోండి. పరుపు మీద పది గెంతులు, బరువైన పెట్టెను గది ఈ చివర నుంచి ఆ చివరకు తోయడం, మంచం కింద నుంచి పాకడం, మీరు కాళ్ళు పట్టుకుంటే చేతుల మీద నడవడం, చివరగా గోడకు రెండు చేతులూ ఆనించి పది లెక్కపెట్టేదాకా నెట్టడం. మూడు చుట్లకు 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఈ వరసను తిరగేయకండి. గెంతులతో ముగిస్తే ఇంకా రెచ్చిపోతాడు, గోడ నెట్టడంతో ముగిస్తే ఒళ్ళు నెమ్మదిస్తుంది. గ్రానైటు నేల మీద సాక్సులతో పరుగెత్తనివ్వకండి, వట్టి కాళ్ళే మేలు.

కండకు పని

గెంతులు, పరుగులు ఒక్కటే చాలవు. తోయడం, లాగడం, మోయడం, తవ్వడం, ఎక్కడం ఉండాలి. ఈ పనుల్లో కండరాలు, కీళ్ళు తమ మీద పడిన బరువును మెదడుకు తెలుపుతుంటాయి. తన ఒళ్ళు ఎంత, తన బలం ఎంత అని బిడ్డకు తెలిసేది ఆ దారిలోనే.

మోసే బరువుకు హద్దు: ఒంటి బరువులో పదో వంతు. 18 కిలోల బిడ్డకు 1.8 కిలోలు. పాత దిండు గలీబులో కిలోన్నర రాగులో జొన్నలో పోసి, నోరు రెండు వరసలు కుట్టి "బస్తా" చేయండి. బియ్యం డబ్బా దగ్గర నుంచి వంటింటి గట్టు దాకా రోజూ ఐదుసార్లు మోయడం వాడి పని. ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, బస్తాను పొట్టకు ఆనించుకుని లేవాలి. తలకు పైకి ఎత్తించకండి. తోసే, ఈడ్చే బరువు ఎక్కువున్నా పరవాలేదు, ఎందుకంటే దాన్ని నేల మోస్తుంది. దానికి పరీక్ష ఇది: తోస్తూ మీతో మాట్లాడగలగాలి. ఊపిరి బిగబట్టి, ముఖం బిగుసుకుపోతే బరువు తీసేయండి.

ఇంటి చుట్టూ పనులు వెతికితే దొరుకుతాయి. ఐదు లీటర్ల చిన్న బకెట్లో నాలుగో వంతు నీళ్ళతో మొక్కలకు పోయడం, చిన్న పారతో ఇసుక తవ్వడం, ఉతికిన దుప్పటిని మీతో కలిసి చెరో కొసా పట్టి పిండడం, స్కూటరు పాత టైరును దొర్లించడం. ఆ టైరుకు అడుగున నాలుగు రంధ్రాలు పొడవండి, లేకపోతే వాన నీళ్ళు నిలిచి డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. సెలవు రోజున మైపాడు, కొత్తపట్నం లాంటి తీరాల్లో తడి ఇసుక తవ్విస్తే అర గంటలో ఒళ్ళంతా పనిచేస్తుంది. నీళ్ళలోకి మాత్రం చీలమండ దాటనివ్వకండి, పెద్దవాళ్ళు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి.

తాడు లాగుడుకు అంగుళం మందం నూలు తాడు వాడండి. కొబ్బరి పీచు తాడు అరచేతులు గీరేస్తుంది. తాడును చేతికో నడుముకో చుట్టుకోనివ్వకండి, వేళ్ళు నలిగేది అందుకే. ఎక్కే తాడు కట్టాలంటే పెద్దవాళ్ళ తొడంత లావున్న వేప, చింత కొమ్మ చూసి, ముందు మీరు వేలాడి చూడండి. మునగ, బొప్పాయి చెట్లు వద్దే వద్దు, చెప్పకుండా విరుగుతాయి. బిడ్డ ఎక్కే ఎత్తు 4 అడుగుల లోపే ఉండాలి. కింద 9 అంగుళాల లోతు వదులు ఇసుక, చుట్టూ 6 అడుగులు ఖాళీ. వానకు ఇసుక గట్టిపడుతుంది కాబట్టి వారానికోసారి పారతో తిరగేయండి. తాడు కింది కొస వదులుగా వదిలేయకండి, నేలకు బిగించి కట్టండి, లేకపోతే కాళ్ళకో మెడకో చుట్టుకుంటుంది.

ఇక బంధువుల సంగతి. "మా మేనల్లుడు చూడు" అంటూ బియ్యం మూటనో, డంబెల్‌నో ఎత్తించి ఫోనులో వీడియో తీసే మామలు ప్రతి ఇంట్లో ఉంటారు. దీన్ని గట్టిగా ఆపండి. ఎముకల కొసల్లో ఇంకా మెత్తటి ఎదిగే భాగాలుంటాయి, వాటికి దెబ్బ తగిలితే ఎముక పెరుగుదలే చెడవచ్చు. చప్పట్లు కొట్టేకొద్దీ బిడ్డ తన శక్తికి మించి ఎత్తుతాడు. మన బండలాగుడు పందేల్లోనే గిత్తలను పళ్ళ లెక్కన విభాగాలు చేస్తారు, పాలపళ్ళ గిత్తలకు ఆరుపళ్ళ వాటి బండ కట్టరు. ఆ పాటి లెక్క మన బిడ్డకూ ఉండాలి. బిడ్డను ఒంటిచేత్తో పట్టి పైకి లేపడం, గిరగిరా తిప్పడం కూడా వద్దు. ఐదేళ్ళ లోపు మోచేతి కీలు ఇట్టే జారుతుంది. చెయ్యి పక్కకు వేలాడేసి, ముట్టుకోనివ్వకుండా ఏడుస్తుంటే అదే గుర్తు. మీరు లాగకండి, నాటుకట్టుకు తీసుకుపోకండి. డాక్టరు నిమిషాల్లో సరిచేస్తారు.

మూడు చేతులు

"మెల్లగా! మెల్లగా!" అని రోజుకు వందసార్లు అరిచినా బిడ్డకు కొలత రాదు. మెల్లగా అంటే ఎంతో ఆ మాటలో లేదు. అందుకని మూడు పేర్లు పెట్టండి: పూల చెయ్యి, పిండి చెయ్యి, తాడు చెయ్యి. మల్లెమొగ్గను కోసేటప్పుడు ఉండే పట్టు పూల చెయ్యి. చపాతీ పిండి పిసికేటప్పుడు ఉండేది పిండి చెయ్యి. తాడు లాగేటప్పుడు ఒంట్లో ఉన్నదంతా పెట్టేది తాడు చెయ్యి.

మొదటి వారం ఏమీ అడగకండి, పని చేస్తున్నప్పుడు పేరు మాత్రం చెప్పండి. సాయంత్రం మల్లెమొగ్గలు కోసే వేళ బిడ్డ చేతికి ఒక గిన్నె ఇచ్చి, పది మొగ్గలు కోయించండి. రెండు వేళ్ళ మధ్య తొడిమను పట్టి మెలి తిప్పడం చూపించండి. "ఇదిగో, ఇది పూల చెయ్యి." గంట తర్వాత ఇద్దరూ కలిసి గిన్నె చూడండి. నలిగిన మొగ్గ అంచులు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి, నలగనివి తెల్లగా విచ్చుకుంటుంటాయి. మీరు తిట్టక్కర్లేదు, పువ్వే చెబుతుంది. ఎన్ని తెల్లగా ఉన్నాయో లెక్కపెట్టించండి. మొదటి రోజు మూడు, వారానికి ఆరు, అలా పెరుగుతుంటే బిడ్డ ముఖంలో తెలుస్తుంది.

పిండికి కప్పు గోధుమపిండి, అర కప్పుకు కాస్త తక్కువ నీళ్ళు, చిటికెడు ఉప్పు. పీట మీద కాకుండా నేల మీద పెద్ద పళ్ళెంలో పెట్టి, బిడ్డను మోకాళ్ళ మీద కూర్చోబెట్టండి, భుజాల బరువు అరచేతుల మీదకు దిగుతుంది. మణికట్టుతో ముందుకు నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కడం. ఐదు నిమిషాలకు పిండి నున్నబడుతుంది. ముద్ద మీద బొటనవేలు నొక్కి తీస్తే గుంట మెల్లగా పైకి లేస్తుంది, అక్కడితో ఆపాలి. పిండి వేళ్ళకు అంటుకుని చిరాకు పడే బిడ్డకు ముందే చేతులకు చుక్క నూనె రాయండి.

రెండో వారం పనికి ముందు అడగండి: "దీనికి ఏ చెయ్యి?" తలుపు వేయడానికి, పుస్తకం పేజీ తిప్పడానికి, పిల్లిని నిమరడానికి, జేజి చెయ్యి పట్టుకోవడానికి. తప్పు చెబితే దిద్దకండి, చేసి చూడనివ్వండి. మూడో వారం ఆటగా మార్చండి. మీరు "తాడు!" అంటే మీ చేతిని గట్టిగా నొక్కాలి, "పువ్వు!" అంటే తాకీ తాకనట్టు. ముందు నెమ్మదిగా, తర్వాత గబగబా మార్చండి. గట్టి నుంచి మెత్తకు ఒక్క క్షణంలో మారగలగడమే అసలు విద్య. ఎక్కువ మంది పిల్లలు అక్కడే తడబడతారు.

నాలుగున్నరేళ్ళు దాటిన బిడ్డకు కార్బన్ పేపరు మంచి పాఠం. రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ పెట్టి, పైన మూడు గీతలు గీయించండి. పూల చేత్తో గీస్తే కింది కాగితం మీద ఏమీ పడకూడదు, పిండి చేత్తో గీస్తే సన్నటి గీత, తాడు చేత్తో గీస్తే నల్లటి గీత. క్రేయాన్లు విరగ్గొట్టే, కాగితం చించే బిడ్డలకు రోజూ ఐదు నిమిషాల చొప్పున ఒక నెల చేయిస్తే రాతకు కూడా పనికొస్తుంది. అచ్చనగాయలు, వామనగుంటలు కూడా ఇలాంటివే. మూడేళ్ళు నిండని బిడ్డకు గింజలు, రాళ్ళు ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. గుడ్డు మోయించాలంటే మొదట ఉడకబెట్టినది, పదిసార్లు పడేయకుండా మోశాకే పచ్చిది.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. తప్పు జరిగిపోయాక "పూల చెయ్యి ఏదీ?" అని గద్దిస్తే ఆ మాట తిట్టుగా మారిపోతుంది, ఇక పనిచేయదు. ఆకలి, నిద్ర వేళల్లో పరీక్ష పెడితే తప్పక ఓడిపోతాడు. నాయన ఒక పేరు, అమ్మమ్మ ఇంకో పేరు వాడితే బిడ్డకు మూడు బదులు ఆరు అవుతాయి. ఇంటిల్లిపాదీ అవే మూడు మాటలు వాడాలి. ఇంకొకటి: రోజూ తాడు చేతికి కూడా చోటుండాలి. పూల చెయ్యి ఒక్కటే అడుగుతూ పోతే ఆ బలం వేరే దారి వెతుక్కుంటుంది.

ఆగడం

పరుగులో ఉన్నవాడు ఒక్క మాటతో ఆగడం ప్రాణం కాపాడే విద్య, ముఖ్యంగా రోడ్డు పక్కన ఇళ్ళుంటే. స్టాచ్యూ ఆట దీనికి చాలు. మొదట నడుస్తూ, తర్వాత గెంతుతూ, చివరికి పరుగులో. ఐదు లెక్కపెట్టేదాకా కదలకపోతే గెలిచినట్టు. రోజుకు పదిసార్లు, నవ్వుతూ.

కుస్తీ ఆడించండి, మానకండి. పరుపు మీద, చెప్పులు గాజులు తీసేసి, ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. మెడ పట్టుకోకూడదు, ముఖం జోలికి పోకూడదు. ఎవరు "చాలు" అన్నా ఆ క్షణమే చేతులు వదలాలి. బిడ్డ "చాలు" అంటే మీరు వెంటనే వదలడం ముఖ్యం. ఇంకో కితకిత పెట్టి వదిలితే ఆ మాటకు విలువ లేదని మీరే నేర్పినట్టు. చివర్లో మీరు పడిపోండి, ఆ తర్వాత రెండు నిమిషాలు ఇద్దరూ వెల్లకిలా పడుకుని ఊపిరి లెక్కపెట్టండి.

కొట్టినప్పుడు ముందు దెబ్బ తిన్న బిడ్డను చూడండి, తర్వాత కొట్టినవాణ్ణి. మోకాళ్ళ మీద కూర్చుని, పక్క నుంచి, చిన్న మాటల్లో: "కొట్టనివ్వను. చేతులు ఇటివ్వు." అంతే. ఆ సమయంలో నీతులు చెబితే ఒక్కటీ చెవికెక్కదు. వాణ్ణి నేలకు అదిమి పట్టి ఆపాలని చూడకండి, బలానికి బలం చూపితే రేపు వాడు చేసేదీ అదే. చెల్లినీ తమ్ముణ్ణీ పక్కకు తీయడం, వాణ్ణి గోడ నెట్టడానికో దిండు పిసకడానికో మళ్ళించడం మంచిది. నెమ్మదించాక, పది నిమిషాల తర్వాత, ఏం చేయొచ్చో చూపించండి. మీరు కొట్టడం అసలు వద్దు. చంటిబిడ్డను ఎత్తుకోవాలని అడిగితే కాదనకండి, కానీ నిలబడి కాదు: నేల మీద, గోడకు ఆనుకుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, మీ చెయ్యి కింద ఉంచి.

"రాక్షసుడు", "రౌడీ" అనే ముద్దుపేర్లు మానేయాలి. నాలుగేళ్ళ బిడ్డ తన గురించి విన్నదే నమ్ముతాడు.

ఇల్లు, మిద్దె, పొలం

మామూలు పిల్లలకు చేసే జాగ్రత్తలు ఈ బిడ్డ దగ్గర పనికిరావు, ఎందుకంటే వాటిలో సగం "వాడు ఎత్తలేడులే" అనే నమ్మకం మీద నిలబడ్డవి. సంపు మూత వీడు ఎత్తుతాడు, దానికి కొక్కెం పెట్టి తాళం వేయండి. గ్యాసు రెగ్యులేటరు తిప్పుతాడు, వంటయ్యాక సిలిండరు వైపే ఆపేయండి, సిలిండరు గది తలుపుకు గడియ పైన పెట్టించండి. బీరువా, టీవీ స్టాండు, పుస్తకాల రాక్ గోడకు ఎల్ ఆకారపు క్లాంపులతో, మరలతో బిగించండి. కింది సొరుగులు మెట్లయిపోతాయి, బరువైన సామాను అడుగున పెట్టండి, ఆశపెట్టే వస్తువు పైన పెట్టకండి. పట్టాల మీద జారే ఇనప గేటుకు చివర ఆపు ఉందో లేదో చూడండి, అది తప్పి బిడ్డ మీద పడితే ప్రాణానికే ముప్పు. ఇల్లు కట్టే చోట గోడకు ఆనించిన చీమకుర్తి గ్రానైటు పలకలు కూడా అంతే.

మిద్దె మీద పిట్టగోడ మూడున్నర అడుగులకు తగ్గకూడదు, దాని పక్కన మంచం, కుర్చీ, నీళ్ళ డ్రమ్ము ఉండకూడదు. అడ్డకమ్మీల గ్రిల్లు నిచ్చెనే, నిలువు కమ్మీలు మేలు.

పల్లెల్లో దొరువులు (నీళ్ళ గుంటలు), చేలగట్ల పక్కన బావులు, చెరువులు ఉంటాయి. తీరం వైపు రొయ్యల గుంటలు మరీ ప్రమాదం. ప్లాస్టిక్ పట్టా పరిచిన గట్టు నాచుతో జారుతుంది, పడ్డవాడికి పట్టు దొరకదు, ఏరేటర్లకు కరెంటు ఉంటుంది. ఈత వచ్చినా ఆ గట్టు ఎక్కడం పెద్దలకే కష్టం. అక్కడికి బిడ్డను వెంట తీసుకుపోకపోవడమే మంచిది. తప్పనిసరైతే ఒక పెద్ద మనిషి చెయ్యి వదలకుండా ఆ పనే చూడాలి.

తిండి, నిద్ర

ఎక్కువ కదిలే బిడ్డకు ఎక్కువ తిండి కావాలి గాని, ప్రోటీను పొడులు అక్కర్లేదు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రోటీను, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే. పప్పన్నం, గుడ్డు, చేప చాలు. రాగిజావకు రెండు చెంచాల పిండి, గ్లాసు నీళ్ళు, బెల్లం. కొరమీను, వంజరంలో ముళ్ళు తక్కువ, అయినా వేళ్ళతో నలిపి పెట్టండి. వేరుశనగ మన నేల పంటే, కానీ ఐదేళ్ళ లోపు గింజలుగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. దంచి బెల్లంతో ఉండ చేయండి, ఆడుతూ పరుగెడుతూ తిననివ్వకండి. పాలు రోజుకు అర లీటరు దాటితే ఆకలి చస్తుంది, ఇనుము తగ్గుతుంది, రక్తం తక్కువైన బిడ్డ చిరాగ్గా, నిలకడ లేకుండా ఉంటాడు.

నిద్రకు గంట ముందే గెంతులాటలు ఆపండి. గోరువెచ్చటి నీళ్ళ స్నానం, నువ్వుల నూనెతో భుజాలు, తొడలు, పిక్కలు గట్టిగా నిమరడం, దీపం తగ్గించి కథ. తేలిగ్గా తాకితే కితకితలై మళ్ళీ లేస్తాడు, అరచేయి మొత్తం ఆనించి నెమ్మదిగా నొక్కండి.

బడి, కోచింగ్

బడి మొదలయ్యే వారమే టీచరుతో కూర్చోండి. వయసు, మూడు చేతుల మాటలు, "చాలు" మాట చెప్పండి. పొద్దున్నే ఒక బరువు పని అడగండి: కుర్చీలు సర్దడం, నీళ్ళ సీసాల బుట్ట ఈడ్చడం, పలక తుడవడం. అల్లరి చేశాడని ఆటల గంట కోసేస్తే మధ్యాహ్నానికి అల్లరి రెట్టింపవుతుంది, ఇది ముందే మర్యాదగా చెప్పాలి. 2020 స్కూలు బ్యాగుల విధానం ప్రకారం ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు బ్యాగే ఉండకూడదు, బలంగా ఉన్నాడని అన్న సంచి కూడా వీడి భుజానికి తగిలించకండి.

నాలుగేళ్ళకు ఈత నేర్పించవచ్చు. ఐదారేళ్ళకు జిమ్నాస్టిక్స్ మొదలుపెడితే ఎక్కడం, దొర్లడం, వేలాడటం పద్ధతిగా వస్తాయి. బరువులతో కసరత్తు ఏడెనిమిదేళ్ళు నిండి, చెప్పింది చెప్పినట్టు చేయగలిగినప్పుడే, అదీ తేలిక బరువుతో, కోచ్ పక్కనుండగా. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం లాంటి చోటికి వెళ్ళినప్పుడు ముందు బిడ్డను చేర్చకుండా, మీరు గంటసేపు పక్కన కూర్చుని చూడండి. చిన్నపిల్లలను విడిగా ఆడిస్తున్నారా, నీళ్ళకు ఆపుతున్నారా, పడేచోట పరుపులున్నాయా, ఓడిన బిడ్డతో కోచ్ ఎలా మాట్లాడుతున్నారు. నాలుగో దానికి సరైన జవాబు రాకపోతే మిగతా మూడూ బాగున్నా చేర్చకండి.